నలభై రెండో పేరు

పోయినవారం పిడుగును వాళ్ళింటి గుమ్మంలో వదిలాం. వాళ్ళ నాన్న ద్వారబంధాలకు రెండు చేతులూ ఆనించి అడ్డం నిలబడి, "ఈ ఒక్కసారికి నా మాట వినవే. తల వంచుకుని బతికితే ఇన్నాళ్ళూ మనకేం తక్కువైంది?" అని బతిమాలుతుంటే, ఆమె ఆయన చెయ్యి కిందనుంచి దూరి మెట్లు దిగిపోయింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. నీటి సరఫరా బోర్డువాళ్ళు నది ఒడ్డున ఉన్న పాత పంపుహౌసును మ్యూజియం చేస్తున్నారు. యాభై రెండేళ్ళ కిందట పెద్ద వరద వచ్చినప్పుడు ఊరికి మంచినీళ్ళు ఆగకుండా చూసిన నలభై ఒక్క మంది పేర్లు నల్లరాతి మీద చెక్కించి గేటు పక్కన నిలబెడుతున్నారు. అందులో పిడుగు తాతయ్య పేరు లేదు. ఓడలో వలస వచ్చి, ఆ పంపుహౌసులోనే బాయిలర్ మండించిన మనిషి ఆయన. ఎందుకు లేదని అర్జీ పెడితే, 'విధులు వదిలి పారిపోయిన వ్యక్తి' అని జవాబొచ్చింది. చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే వచ్చి చెప్పుకోమని పదకొండు గంటలకు పిలిచారు.

పదకొండుకు పది నిమిషాలుందనగా పిడుగు పంపుహౌసు గేటు దగ్గరికి చేరింది. మోకాళ్ళదాకా మట్టి. పొద్దున్నే ఆసుపత్రి వీధిలో పెద్ద పైపు పగిలింది. బోర్డు మరమ్మతు గ్యాంగులో ఫిట్టరు ఆమె. గుంటలో దిగి క్లాంపు బిగించి, పైకెక్కి చేతులు కడుక్కుని తిన్నగా ఇటే వచ్చింది.

"ఆ బూట్లతోనే పైకి పోతావా?" అన్నాడు వాచ్‌మన్, కొత్తగా మెరుగు పెట్టించిన చెక్కమెట్ల వంక బెంగగా చూస్తూ.

"ఈ మట్టి మీ బోర్డు పైపుదే అన్నా. దానిల్లు అదే వెతుక్కుంటూ వచ్చిందనుకో."

వాచ్‌మన్ నవ్వాడు. పైన ఎవరైనా విన్నారేమోనని వెంటనే నవ్వు మింగేశాడు.

మేడ మీద, గది బయట ఉన్న బెంచీ మీద కూర్చుంది. కిటికీలోంచి వీధి కనబడుతోంది. ఆ వీధిలో ఆమె తాతయ్య చెయ్యి పట్టుకుని కొన్ని వందలసార్లు నడిచింది. ఉద్యోగం ఊడి, బోర్డు క్వార్టర్లోంచి సామానుతో సహా బయటికి గెంటించుకున్న తరవాత, ఆయన ఇదే బోర్డుకు పనిచేసే ఒక కాంట్రాక్టరు కింద చేరాడు. ఇరవై ఆరేళ్ళు పైపుల కోసం కందకాలు తవ్వాడు. ఈ ఊరి కింద ఉన్న పైపుల్లో సగం ఆయన పార తగిలిన నేలలోనే పడుకుని ఉన్నాయి. చేతిలో ఎప్పుడూ పొడుగాటి ఇనపకడ్డీ ఒకటుండేది. నేలకి ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఇక్కడ కారుతోంది" అనేవాడు. తవ్వితే అక్కడే కారుతూ ఉండేది. ఇంజనీర్లు యంత్రాలు తెచ్చుకుని వచ్చి, చివరికి ఆయన్నే అడిగేవాళ్ళు. అడిగి, వెనకాల 'ఓడమనిషి' అనుకుంటూ పోయేవాళ్ళు. ఓడలో వచ్చినవాళ్ళందరికీ ఊళ్ళో అదే పేరు.

సెలవురోజున మాత్రం ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని ఈ గేటు ముందునుంచే షికారు తీసుకెళ్ళేవాడు. నాన్నకి తల కొట్టేసినట్టుండేది. "అవతలి వీధిలోంచి పోదాం నాన్నా, అందరూ చూస్తారు" అనేవాడు. తాతయ్య ఆగేవాడు కాదు.

"చూడనీ. చూడ్డానికేగా చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను."

ఆయనకి ఈ భాషలో ఒత్తులు పలికేవి కావు. భయాన్ని 'బయం' అనేవాడు. చిన్నప్పుడు పిడుగు పడీ పడీ నవ్వేది. "ఆ మాట పలకడమే రాదే నాకు. పలకడం రానిదాన్ని పడ్డం ఎక్కడ నేర్చుకోను?" అనేవాడు. ఉరుములాగా అరుస్తూ పుట్టిందని ఆమెకి పిడుగు అని పేరు పెట్టింది కూడా ఆయనే. బడి రిజిస్టర్లో వేరే పేరుంది గానీ, దాన్ని పిలిచినవాళ్ళు తక్కువ.

గుమాస్తా తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.

పొడుగాటి బల్లకి అవతల ఇద్దరు. ఒకాయన బోర్డు సెక్రటరీ. యాభై ఏళ్ళుంటాయి, మాట మెత్తన, చూపు గట్టి. రెండోఆవిడ మ్యూజియం కోసం చరిత్ర రాస్తున్న ప్రొఫెసరమ్మ. ముందర నాలుగు నోటు పుస్తకాలు, ఒక్కదానికీ మూత లేని మూడు పెన్నులు. గుమాస్తా బల్ల కొసన కూర్చుని కాగితాలు సర్దుకున్నాడు. గోడ మీద పాత సూపర్‌వైజరు పటం. వరదనాడు పంపుహౌసును కాపాడిన వీరుడాయన. రాతి మీద మొదటి పేరు ఆయనదే. హాలుకి కూడా ఆయన పేరే పెడుతున్నారు.

"కూర్చోండమ్మా" అన్నాడు సెక్రటరీ.

"నిలబడతాను సార్. కుర్చీకి మట్టి అంటుతుంది."

"మీ బాధ మాకు అర్థమవుతుంది. తాతగారంటే ఎవరికైనా గౌరవమే. కానీ మా చేతిలో ఉన్నది రికార్డు." ఆయన పసుపుపచ్చబడ్డ కాగితం తీసి చదివాడు. "'నది ప్రమాదస్థాయి దాటిన సమయాన, వలసదారుడైన బాయిలర్ కార్మికుడు అనుమతి లేకుండా విధులు వదిలి పారిపోయాడు. సూపర్‌వైజరు, మరి నలభై మంది కార్మికులు మూడు రోజులు ప్రాణాలకు తెగించి పంపులు నడిపారు.' కింద సూపర్‌వైజరు సంతకం. సాక్షి సంతకం కూడా ఉంది. చూస్తారా?"

పిడుగు చూడలేదు. ఆ కాగితం ఆమెకి కంఠతా వచ్చు.

"నేనొకటి అడగొచ్చా సార్?"

"అడగండి."

"మూడు రోజులు నలభై ఒక్క మంది ఉన్నారన్నారు. బాయిలర్ దగ్గర గంట గంటకీ ఆవిరి ఒత్తిడి చూసి లాగ్ బుక్కులో రాయాలి కదా. ఆ మూడు రోజుల పేజీలూ రికార్డు రూములో ఉన్నాయి. నేను చూశాను. మామూలు రోజుల్లో షిఫ్టుకో చేతిరాత ఉంది. ఆ మూడు రోజులూ ఒక్కటే చేతిరాత. ఏడు అంకె వేసిన ప్రతిచోటా నడుం మీద అడ్డగీత ఉంది. మన ఊళ్ళో ఏడుకి అలా గీత ఎవరు పెడతారు సార్?"

సెక్రటరీ ప్రొఫెసరమ్మ వంక చూశాడు.

"మా తాతయ్య పెట్టేవాడు. వాళ్ళ దేశంలో అలా నేర్పుతారట. నాకూ అలాగే నేర్పాడు, బళ్ళో టీచరు చేతిమీద కొట్టేది. నలభై ఒక్క మందీ ఒకేసారి ఏడుకి గీత పెట్టడం మొదలుపెట్టారంటారా? లేకపోతే పారిపోయినవాడు గంటకోసారి పరిగెత్తుకొచ్చి, అంకె వేసి, మళ్ళీ పారిపోయాడంటారా?"

ప్రొఫెసరమ్మ మొహం దించుకుంది. నవ్వు ఆపుకుంటోందని గుమాస్తాకి తెలిసిపోయింది. "ఆ పేజీలు నేనూ చూశాను" అంది తల ఎత్తకుండానే. "ఈవిడ చెప్పింది నిజం."

"అంకెకి గీత ఉందని చరిత్ర మార్చలేం మేడమ్. ఆహ్వానపత్రాలు అచ్చయిపోయాయి." సెక్రటరీ గొంతులో మెత్తదనం కొంచెం పలచబడింది. "సరే. ఇవన్నీ ఎందుకు? ఆనాటి సాక్షి ఇంకా బతికే ఉన్నాడు. నేనే కబురు చేయించాను. ఆయన నోటితోనే విందాం. తరవాత ఇంక అర్జీలూ అవీ ఉండవు కదా?"

పిడుగు గడ్డం పైకెత్తింది.  "ఉండవు. ఆయన నా మొహం చూసి, మా తాతయ్య పారిపోయాడని చెబితే నా అర్జీ ఇక్కడే చింపేస్తాను."

గుమాస్తా వెళ్ళి పక్కగదిలోంచి గ్రీజు తాతను తీసుకొచ్చాడు.

ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఒకప్పుడు ఇదే పంపుహౌసులో యంత్రాలకి గ్రీజు పెట్టేవాడు. ఆ పేరే మిగిలిపోయింది. పిడుగు వాళ్ళ వీధి చివరే ఇల్లు. ఆయనా ఓడలో వచ్చినవాడే, తాతయ్యతో పాటే దిగాడట. అయినా ఇద్దరూ మాట్లాడుకోగా ఆమె ఎన్నడూ చూడలేదు. వీధిలో ఎదురుపడితే ఈయన తల ఆడించేవాడు, ఆయన తల ఆడించేవాడు, అంతే. తొమ్మిదేళ్ళ కిందట తాతయ్య పోయిన రోజున ఆ ముసలాయన ఇంట్లోకి రాకుండా గేటు బయటే పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడ్డాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు. కిందటి నెల ఆ రిపోర్టు కింద ఆయన సంతకం చూసినప్పుడు అర్థమైందనుకుంది. అప్పట్నుంచీ ఆయన ఇంటి ముందునుంచి వెళుతూ మొహం తిప్పుకుంటోంది.

గ్రీజు తాత కర్ర పక్కన పెట్టి కుర్చీలో సర్దుకున్నాడు. సెక్రటరీ కాగితం ఆయన ముందుంచాడు.

"ఈ సంతకం మీదేనా పెద్దాయనా?"

"నాదే."

"ఇందులో రాసింది నిజమేనా?"

ముసలాయన కాగితం వంక చూడలేదు. పిడుగు బూట్ల వంక చూశాడు. మట్టి ఆరి, అంచుల్లో పగుళ్ళు తేలి ఉంది. 

"అబద్ధం" అన్నాడు.

గుమాస్తా పెన్ను అందుకున్నాడు.

"ఒక్క ముక్క కూడా నిజం కాదు" అన్నాడు మళ్ళీ, ఈసారి గట్టిగా. "పారిపోయింది మేము. పొద్దున్న తొమ్మిది గంటలకి నీళ్ళు యార్డులోకి వచ్చాయి. సూపర్‌వైజరు లారీ తెప్పించాడు. అందర్నీ ఎక్కమన్నాడు. నలభై మందిమీ ఎక్కాం. వాడు ఎక్కలేదు."

"ఎవరు?" అంది ప్రొఫెసరమ్మ, పెన్ను తీసుకుంటూ.

"ఈ పిల్ల తాత. నది వైపు తూము గేటు తెరిచి ఉంది. అది మూయకపోతే వరద బురద మంచినీళ్ళ ట్యాంకుల్లోకి పోతుంది. మూయాలంటే చేత్తో చక్రం తిప్పాలి, నూట నలభై చుట్లు. ఇద్దరు పట్టాల్సిన చక్రం. లారీ మీదనుంచి సూపర్‌వైజరు అరిచాడు, 'ఓడమనిషీ, చావాలనుందా?' అని. వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. 'ఆసుపత్రికి నీళ్ళు ఎవరిస్తారు?' అన్నాడు. అంతే. లారీ కదిలింది."

గుమాస్తా రాస్తున్నాడు. ఆ పెన్ను చప్పుడు సెక్రటరీకి నచ్చలేదని మొహం చూస్తే తెలుస్తోంది.

"మూడో రోజు నీళ్ళు కాస్త తీశాక వచ్చాం. దూరంనుంచే పొగగొట్టంలోంచి పొగ కనబడింది. లోపలికి వెళ్ళి చూస్తే నడుంలోతు బురదనీళ్ళు. బాయిలర్ గూటి చుట్టూ ఇసకబస్తాలు పేర్చుకుని, మధ్యలో నిలబడి బొగ్గు వేస్తున్నాడు. అరిచేతుల్లో తోలు లేదు. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా పిల్లా?" ముసలాయన మొదటిసారి పిడుగు కళ్ళలోకి చూశాడు. "'ఆలస్యంగా వచ్చావు, రెండో పంపుకి గ్రీజు అయిపోయింది' అన్నాడు."

పిడుగు పళ్ళు బిగించింది. ఏడవకూడదనుకుంది, ఏడవలేదు. అచ్చం తాతయ్య మాటే అది. అలాంటి మాట కట్టి చెప్పడం ఎవరివల్లా కాదు.

"మరి సంతకం ఎందుకు పెట్టావు?" ఆమె గొంతు గదంతా నిండింది. "నీ కళ్ళతో చూసి కూడా ఎందుకు పెట్టావు తాతా? మా నాన్నకి అప్పుడు ఆరేళ్ళు. నడివీధిలో మంచమూ గిన్నెలూ పడేశారు. ఆ రోజునుంచి ఆయన తల ఎత్తి ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఇవాళ పొద్దున్న కూడా నాకు అడ్డం పడ్డాడు, ఆ భయంతోనే. యాభై రెండేళ్ళు ఒక్క మాట చెప్పకుండా ఎలా ఉన్నావు?"

"వాడే పెట్టమన్నాడు."

"ఏంటి?"

"మీ తాతే పెట్టమన్నాడు పిల్లా. సూపర్‌వైజరుకి భయం పట్టుకుంది. పై అధికారులు వస్తున్నారు. తను లారీ ఎక్కి పోయాడని తెలిస్తే ఉద్యోగం ఉండదు. ఈ కాగితం రాసుకొచ్చి మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు. 'సంతకం పెడితే సరి, లేకపోతే మీ ఇద్దరి వలస కాగితాలూ రేవు ఆఫీసుకి పంపించి తనిఖీ చేయిస్తాను' అన్నాడు. నేను పెట్టనన్నాను, ఒట్టు. మీ తాత నన్ను మూలకి లాక్కెళ్ళి చెప్పాడు. 'పెట్టరా. ఈ ఉద్యోగం పోతే నాకు పార దొరుకుతుంది. మన కాగితాలు బయటపడితే ఇద్దరికీ ఈ దేశమే దొరకదు. నీ ఆరోగ్యానికి మళ్ళీ ఓడ ఎక్కావంటే మధ్యలోనే పోతావు' అన్నాడు."

"మీ కాగితాల్లో ఏముంది?" అన్నాడు సెక్రటరీ. ఆయన ముందుకి వంగాడు.

 గ్రీజు తాత పిడుగుతోనే మాట్లాడాడు.

"నువ్వు అర్జీలో రాశావే ఆ పేరు, దాన్ని రాతి మీద చెక్కించకు. అది మీ తాత పేరు కాదు. నాది."

 పిడుగు ఇందాక వద్దన్న కుర్చీని చేత్తో వెతికి పట్టుకుంది.

"ఓడ దిగగానే రేవులో డాక్టరు చూస్తాడు" అన్నాడు ముసలాయన. "నాకు దగ్గు. నా కాగితం మీద ఎర్రముద్ర వేశాడు, తిప్పి పంపమని. మీ తాతది శుభ్రంగా ఉంది. మర్నాడు నన్ను తిరుగు ఓడ ఎక్కించాలి. నేను గోడకి ఆనుకుని ఏడుస్తున్నాను. మీ తాతకీ నాకూ అప్పటికి పరిచయం ఎంతనుకున్నావు? ఓడలో పక్కపక్కన పడుకున్న పద్దెనిమిది రోజులు. వచ్చి పక్కన కూర్చుని నా జేబులో కాగితం తీసుకుని, తన కాగితం పెట్టాడు. 'నీకు దగ్గుంది, నాకు చేతులున్నాయి. ఆ ముద్ర నేను మోస్తాలే' అన్నాడు. నేను వాడి పేరుతో గేటు దాటాను. వాణ్ణి నా పేరుతో తిరుగు ఓడ ఎక్కించారు. రేవు దాటేలోపల నీళ్ళలో దూకి ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చాడు. నెల్లాళ్ళకి ఇక్కడ కనబడ్డాడు, బొగ్గు మోస్తూ. ముద్ర మాటేమైందంటే, అది ఉన్న ముక్క చింపేశానన్నాడు. ఇంక అప్పట్నుంచీ వాడు నేను, నేను వాడు."

ప్రొఫెసరమ్మ రాయడం ఆపేసింది. "అంటే, ఈ నలభై ఒక్క పేర్లలో..."

"పదిహేడోది" అన్నాడు గ్రీజు తాత. "నా పేరుగా రాశారు. అది మీ తాత అసలు పేరు పిల్లా. వాళ్ళమ్మ పెట్టిన పేరు. పారిపోయిన నా పేరనుకుని అది చెక్కుతున్నారు. పారిపోనివాడు మోసిన నా పేరు కొట్టేశారు. ఆ రాతి పక్కనుంచి నేనెలా నడవను? అందుకే ఇవాళ వచ్చాను."

సెక్రటరీ వెనక్కి ఆనుకున్నాడు. మొహంలో మెత్తదనం తిరిగొచ్చింది, దాంతో పాటు ఇంకేదో కూడా.

"చూశారా అమ్మా, ఎంత దూరం వచ్చిందో. మీ తాతగారు దొంగ కాగితాలతో ఈ దేశంలో ఉన్నారని మీ సాక్షే చెబుతున్నాడు. ఇది రేవు ఆఫీసుకి తెలియజేయడం నా బాధ్యత. అప్పుడు మీ నాన్నగారి పౌరసత్వం తిరగదోడతారు. మీ ఉద్యోగం మా బోర్డులోనే కదా, దాన్నీ చూడాలి. ఈ పెద్దాయన్ని ఈ వయసులో ఎక్కడ పెడతారో నాకు తెలీదు." ఆయన సొరుగులోంచి కాగితం తీసి బల్ల మీద జరిపాడు. పైన సొంత పెన్ను పెట్టాడు. "అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక్క సంతకం. ఇవాళ రాసినవన్నీ ఇక్కడే చించేద్దాం. అయినా మీ తాతగారి అసలు పేరు రాతి మీద ఉండనే ఉంది, మీక్కావలసింది అదేగా?"

పిడుగు పెన్ను తీసుకుంది. సెక్రటరీ కళ్ళలో భారం దిగినట్టు కనబడింది. గ్రీజు తాత కళ్ళు మూసుకున్నాడు.

ఆమె కాగితం వంక చూసింది. గోడ మీద పటం వంక చూసింది.

"యాభై రెండేళ్ళ కిందట ఆయన కూడా ఈ మాటే అన్నాడు సార్. సంతకం పెట్టు, లేకపోతే రేవు ఆఫీసు. బెదిరింపు కూడా కొత్తది దొరకలేదా మీకు?"

"ఇది బెదిరింపు కాదమ్మా, మీ మంచికోసం..."

"మా మంచి మా తాతయ్య చూసుకున్నాడు. చేతుల తోలు ఊడేదాకా చూసుకున్నాడు. మీకూ చూశాడు. మీరు పుట్టిన ఆసుపత్రికి ఆ మూడు రోజులూ నీళ్ళు పోసిందెవరో ఇందాక విన్నారుగా." ఆమె కాగితాన్ని తిరిగి ఆయన వైపే జరిపింది. "పేరు రాతిమీద ఉంటే చాలదు. పారిపోయాడన్న మాట పోవాలి. లారీ ఎక్కినవాళ్ళు ఎక్కారని రాయాలి. రేవు ఆఫీసుకి మీరు పంపక్కర్లేదు, నేనే పంపుతాను. ఇక్కడ చెప్పినదంతా నకలు తీసి, లాగ్ బుక్కు పేజీలు జతచేసి పంపుతాను. ఒక మనిషి ఇంకో మనిషి ప్రాణం కాపాడటానికి ముద్ర పడ్డ పేరు నెత్తినేసుకున్నాడు. ఆ సంగతి విని ఈ దేశం మమ్మల్ని వెళ్ళిపొమ్మంటుందో ఉండమంటుందో చూద్దాం. పొమ్మంటే ఆ పొమ్మన్నవాడు ముందు మంచినీళ్ళు తాగడం మానెయ్యాలి."

గుమాస్తా పెన్ను ఆగిపోయి ఉంది. పిడుగు సెక్రటరీ పెన్నుని అతని చేతికిచ్చింది.

"రాయండి. నేను చెప్పింది కూడా రాయండి."

అతను సెక్రటరీ వంక చూశాడు. పదిహేనేళ్ళుగా ఆయన కనుసైగతో కూర్చుని, కనుసైగతో లేచిన మనిషి. సెక్రటరీ వద్దన్నట్టు తల ఊపాడు. గుమాస్తా తల దించుకుని రాయడం మొదలుపెట్టాడు.

"రికార్డు నా పేరు మీద ఉంటుంది" అంది ప్రొఫెసరమ్మ, నోటు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంటూ. "దీన్ని ఎవరూ చించరు."

సెక్రటరీ లేచి నిలబడ్డాడు. "రేపటికల్లా నోటీసు వస్తుంది మీకు. పనిలోకి రానక్కర్లేదు" అని, తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

 పిడుగు మట్టి సంగతి మరిచిపోయి కుర్చీలో కూలబడింది. ఉద్యోగం పోయినట్టే. నాన్నకి ఏం చెప్పాలో తెలియదు. అయినా గుండెలో ఏదో తేలికగా ఉంది. బిగుసుకుపోయిన వాల్వు తిరిగినప్పుడు చేతికి తెలిసే తేలిక.

"తాతా" అంది. ఈసారి గొంతులో కోపం లేదు. "ఆ పేరు ఒకసారి పైకి చెప్పు. మా తాతయ్య పేరు ఆయన ఇంట్లో ఎలా పిలిచేవాళ్ళో నేను వినాలి."

 ముసలాయన కోటు లోపలి జేబు తడుముకున్నాడు. 

"చెబుతాను. దానికంటే ముందు నీకు ఒకటి ఇవ్వాలి. వాడి పేరు నా దగ్గరుంది కదా పిల్లా. ఆ పేరు మీద వచ్చే ఉత్తరాలు కూడా నా ఇంటికే వస్తాయి. అరవై ఏళ్ళుగా వస్తున్నాయి. వాడు బతికున్నంతకాలం రహస్యంగా తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. చదివి కాల్చేసేవాడు. పోయాక ఆగిపోతాయనుకున్నాను."

"ఆగలేదా?"

"పోయిన బుధవారం కూడా ఒకటి వచ్చింది."

ఆయన కవరు బల్ల మీద పెట్టాడు. కొత్త కవరు, విప్పలేదు. పిడుగు బొటనవేలితో అంచు చించింది. లోపల ఒక్కటే కాగితం, తాతయ్య భాషలో. ఆ భాషలో ఆమెకి ఆయన నేర్పిన నాలుగైదు మాటలే వచ్చు. కాగితం నిండా ఉన్న అక్షరాల్లో ఆమె గుర్తుపట్టగలిగింది ఒక్క మాటే, అన్నిటికంటే పైన ఉన్నది.

'నాన్నా' అని ఉంది.